కారు తాళం ఇచ్చే ఇంట్లో బ్రెత్ ఎనలైజర్: ఏది కొనొచ్చు, ఏది దండగ

కాలేజీ పిల్లల చేతికి కారు ఇస్తున్న ఇళ్లలో ఈ మధ్య చేతిలో ఇమిడే బ్రెత్ ఎనలైజర్ కనబడుతోంది. ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయల లోపువీ ఉన్నాయి, ఐదారు వేలు దాటినవీ ఉన్నాయి. ఆ తేడా చాలావరకు లోపలి సెన్సర్‌దే.

చౌకరకంలో ఉండేది టిన్ ఆక్సైడ్ సెమీకండక్టర్ సెన్సర్. మందుకీ మిగతా వాసనలకీ తేడా దానికి తెలియదు. సిగరెట్ పొగ, ఒంటి మీది సెంటు, కారులో వేలాడదీసిన పెర్ఫ్యూమ్, పొద్దుటి నుంచి ఏమీ తిననివాళ్ల ఊపిరిలోని అసిటోన్, ఏది తగిలినా అంకె కదులుతుంది. గొట్టం లేకుండా దూరం నుంచి ఊదే కీచైన్ రకమైతే బయటిగాలి కలిసి రీడింగ్ తగ్గిపోతుంది కూడా. తాగనివాణ్ణి పట్టించి, తాగినవాణ్ణి వదిలేసే ఈ వస్తువు ఇంట్లో తగవు పెట్టడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

కొంటే ఫ్యూయల్ సెల్ రకమే కొనాలి. ప్లాటినం ఎలక్ట్రోడ్ మీద ఇథనాల్ అసిటిక్ ఆమ్లంగా మారేటప్పుడు పుట్టే కరెంటును అది కొలుస్తుంది. పొగకీ అసిటోన్‌కీ పెద్దగా లొంగదు. అప్పుడే రుద్దుకున్న శానిటైజర్‌కి మాత్రం ఇదీ మోసపోతుంది, ఎందుకంటే అందులో ఉన్నదీ ఆల్కహాలే.

పెట్టె తెరవగానే చూడాల్సింది యూనిట్. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం మన పరిమితి 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. అదే మిషన్ మీద 0.03% అనో, 0.3 గ్రా./లీ. అనో, ఊపిరి లెక్కలో అయితే లీటరుకు సుమారు 0.14 మి.గ్రా. అనో కనబడుతుంది. విదేశీ మార్కెట్ కోసం చేసినవాటిలో అలారం 0.05 దగ్గరో 0.08 దగ్గరో మోగేలా పెట్టి ఉంటుంది. అంటే 0.04 వచ్చినా పచ్చ లైటే వెలుగుతుంది, మన రోడ్డు మీద అది కేసు. అలారం స్థాయి మార్చుకునే వీలు లేని మోడల్ ఎంత ఖరీదైనా వద్దు.

30 మి.గ్రా. ఎంత దగ్గరో లెక్క చూడండి. 42.8 శాతం విస్కీ 60 మి.లీ. పెగ్గులో సుమారు 20 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 60 కిలోల అబ్బాయికి ఆ ఒక్క పెగ్గుతోనే అంకె 50 దాకా వెళ్లొచ్చు, బరువు తక్కువున్న అమ్మాయికి ఇంకా ఎక్కువ. 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మి.లీ. సీసాలో 41 గ్రాములు ఉంటుంది. అదే అబ్బాయికి దాదాపు 100. ఒంట్లోంచి గంటకు 15 దాకా మాత్రమే దిగుతుంది కాబట్టి 30 కిందికి రావడానికి నాలుగున్నర గంటల పైనే పడుతుంది. నిమ్మరసం, బ్లాక్ కాఫీ, మొహం మీద చన్నీళ్లు ఈ లెక్కను మార్చవు.

పిల్లలు దీన్ని తప్పుగా వాడేది కూడా ఇక్కడే. ఆపిన కారులో, కూల్‌డ్రింక్ సీసాలో వోడ్కా కలుపుకుని గబగబా తాగి, ఇరవై నిమిషాలు కాగానే ఊది, తక్కువ వచ్చిందని బండి తీస్తారు. కడుపులో ఉన్నది రక్తంలోకి పూర్తిగా చేరడానికి అరగంట నుంచి గంటన్నర పడుతుంది. బయల్దేరేటప్పుడు 20 చూపినవాడికి దారి మధ్యలో 50 ఉండొచ్చు. అందుకని తాగాక, తక్కువే వచ్చింది కాబట్టి నడపొచ్చు అని తేల్చుకోవడానికి ఈ మిషన్ వాడకూడదు. ఇంట్లో పెట్టుకోదగ్గ నియమం ఒక్కటే: సున్నా అయితే తాళం, సున్నా కాకపోతే క్యాబ్. ఎలాగూ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 21 నిండనివాళ్లకు మందు అమ్మకూడదు. నడిపేది 18 నిండనివాడైతే 199ఎ సెక్షన్ కింద తల్లిదండ్రులకో, బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, 12 నెలల పాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు.

ఊదించే పద్ధతి: చివరి గుక్క తర్వాత 20 నిమిషాలు ఆగాలి, లేకపోతే నోట్లో మిగిలిన తడి వల్ల రీడింగ్ అమాంతం పెరుగుతుంది. దగ్గు సిరప్, హోమియో చుక్కలు, మౌత్‌వాష్ తర్వాతా ఇంతే. మామూలు నీళ్లతో పుక్కిలించి, మిషన్ సిద్ధమని చూపాక గట్టిగా గాలి పీల్చి ఐదారు సెకన్లు ఆగకుండా ఊదాలి. మూడు నిమిషాల తర్వాత మళ్లీ ఊదించి ఎక్కువ వచ్చిన అంకెనే తీసుకోండి. ఊదే ముందు గబగబా ఊపిరి తీసి వదిలితే రీడింగ్ కొంత తగ్గుతుంది, సగంలో ఆపేసినా అంతే. మొదటిదాన్ని మీరే కనిపెట్టాలి. రెండోదానికి, ఊపిరి చాలకపోతే ఎర్రర్ చూపించే మోడల్ ఉంటే చాలు.

గంజాయి ఈ మిషన్‌కి కనబడదు. బీరు కొంచెం, గంజాయి కొంచెం కలిసినప్పుడు తక్కువ అంకె చూసి ధైర్యపడటం అన్నిటికంటే ప్రమాదం. దానికోసం మందుల షాపులో మూత్రం స్ట్రిప్ కొనేవాళ్లు ముందు గీతల సంగతి తెలుసుకోవాలి: సి (కంట్రోల్) దగ్గరా టి (టెస్ట్) దగ్గరా గీత వస్తే నెగెటివ్, టి దగ్గర గీత ఎంత పలచగా ఉన్నా నెగెటివే. టి దగ్గర ఏమీ రాకపోతేనే పాజిటివ్. ప్రెగ్నెన్సీ కిట్ అలవాటుతో చదివి తలకిందులు చేసుకునేవాళ్లు ఉన్నారు. పైగా ఎప్పుడో ఒకసారి పీల్చినవాడికి రెండు మూడు రోజులు, రోజూ పీల్చేవాడికి వారాల తరబడి పాజిటివ్ వస్తుంది. కాబట్టి ఇప్పుడు మత్తులో ఉన్నాడా అన్న ప్రశ్నకు ఈ స్ట్రిప్ జవాబు చెప్పదు. ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందు మామూలు స్ట్రిప్పుల్లో అసలు పడదు. వరసగా పాజిటివ్ వస్తుంటే ఇంకో స్ట్రిప్ కొనడం మాని సైకియాట్రిస్టును కలవండి, లేదా డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయండి.

ఇక నిర్వహణ. మిషన్‌ని డాష్‌బోర్డులో ఉంచొద్దు, మే నెల ఎండకు సెన్సర్ పాడవుతుంది. పనిచేస్తోందో లేదో చూద్దామని విస్కీ నోట్లో పోసుకుని నేరుగా ఊదితే సెన్సర్ నిండిపోయి, తర్వాతి రీడింగులన్నీ తప్పుతాయి. ఏడాదికోసారి కాలిబ్రేషన్, అంటే రీడింగ్ సరిచూసి సరిదిద్దడం, తప్పదు. ఆ సర్వీసు మన దేశంలో ఎక్కడ చేస్తారో, కొరియర్ ఖర్చు ఎవరిదో అమ్మేవాణ్ణి ముందే రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకపోతే ఆ బ్రాండ్ వదిలేయండి.