ఒక క్యారెట్ గుడ్ కట్టా, తొంభై సెంట్ల ఎక్సలెంట్ కట్టా: ఏది మేలు?

మా పిన్ని కూతురి నిశ్చితార్థం ఉంగరానికి వజ్రం చూడ్డానికి వెళ్తే, షాపతను నల్లటి వెల్వెట్ గుడ్డ మీద రెండు పెట్టాడు. రెండూ గుండ్రనివే, రెంటికీ జీఐఏ (వజ్రాలను పరీక్షించి గ్రేడు ఇచ్చే అమెరికా సంస్థ) సర్టిఫికెట్ ఉంది, క్లారిటీ, అంటే లోపలి మచ్చల లెక్క, ఒకటే. మొదటిది సరిగ్గా 1.00 క్యారెట్, అంటే నూరు సెంట్లు, జి కలర్, కట్ (కోత తీరు) మాత్రం గుడ్, అంటే ఎక్సలెంట్, వెరీ గుడ్‌ల తర్వాతి మూడో మెట్టు. రెండోది 0.90, కలర్‌లో ఒక మెట్టు కింద హెచ్, కట్ ఎక్సలెంట్. "క్యారెట్ రాయి అని చెప్పుకోవచ్చు కదరా" అంది పిన్ని. నా ఓటు తొంభై సెంట్లకే.

ముందు సర్టిఫికెట్లో మిల్లీమీటర్లు చూడమన్నాను. పెద్దరాయి వెడల్పు 6.25, చిన్నది 6.2. కంటికి రెండూ ఒకటే. మరి ఆ పది సెంట్లు ఏమయ్యాయి? పొట్టలోకి వెళ్లాయి. పెద్దదాని డెప్త్ (వెడల్పులో లోతు ఎంత శాతమో) 65 శాతం, చిన్నదానికి 61.5. ఆ లోతంతా ఉంగరంలో బిగించాక కిందే ఉండిపోతుంది. పైగా 1.00 తాకగానే క్యారెట్ రేటే ఒక మెట్టెక్కుతుంది, అంటే కనబడని బరువుకు ఎక్కువ రేటు కట్టడమన్నమాట.

లోతు మెరుపును కూడా తినేస్తుంది. పైనుంచి దిగిన వెలుగు అడుగు పలకలకు తగిన ఏటవాలులో తగిలితే అద్దంలోలా వెనక్కి తిరిగి కంట్లో పడుతుంది. మరీ నిటారుగా తగిలితే అడుగునుంచే బయటికి జారిపోతుంది. వజ్రంలో ఆ సరిహద్దు, పలకకు నిట్టనిలువు గీత నుంచి కొలిస్తే, సుమారు 24.4 డిగ్రీలు. వజ్రాల కోత కుటుంబానికి చెందిన మార్సెల్ టోల్కోవ్‌స్కీ మంచి మెరుపు కోసం 1919లో లెక్కకట్టిన కొలతలు పై వాలుకు (క్రౌన్) 34.5, అడుగు వాలుకు (పెవిలియన్) 40.75 డిగ్రీలు. అడుగు మరీ లోతైతే నడిమధ్య నల్లబడుతుంది, మరీ పలచనైతే చేప కన్నులా తెల్లటి వలయం కనిపిస్తుంది.

ఇది తెలిసీ లోతుగా ఎందుకు కోస్తారంటే, ముడిరాయి ఖరీదు. సాన పట్టేకొద్దీ బరువు పోతుంది, బరువే డబ్బు. కృష్ణ ఒడ్డున కొల్లూరులో దొరికిందని చెప్పుకునే కోహినూరును 1851లో లండన్ ప్రదర్శనలో పెడితే, మెరుపు లేదని జనం పెదవి విరిచారు. మరుసటి ఏడాది దాన్ని మళ్లీ కోయించారు. ఇప్పటి లెక్కలో సుమారు 191 క్యారెట్ల రాయి 105.6కు దిగింది. విక్టోరియా రాణిగారే బరువు వదులుకుంటే, మనం పది సెంట్ల దగ్గర బేరమాడుతున్నాం! ల్యాబ్‌లో తయారుచేసిన వజ్రాలకైతే ముడిరాయి చవక కాబట్టి లోతుకు ఆ సాకు కూడా లేదు.

అయితే ఎక్సలెంట్ అన్న ముద్ర చూసి కళ్లు మూసుకోకండి. 2006లో జీఐఏ మొదలుపెట్టిన ఆ గ్రేడు గుండ్రని రాళ్లకు ఇచ్చేది, దాని పరిధి చాలా విశాలం. అందులోనూ టేబుల్ (పైనున్న చదును పలక వెడల్పు) 54 నుంచి 58 శాతం, పై వాలు 34 నుంచి 35, అడుగు వాలు 40.6 లేదా 40.8 ఉన్నవి వెతకండి. పై వాలు 35.5 దాటి, అడుగు 41.2 ఉంటే నేనైతే పక్కన పెట్టేస్తాను. ఎక్సలెంట్‌కూ వెరీ గుడ్‌కూ మధ్య మాత్రం నాకంత పట్టింపు లేదు, ధర బాగా తగ్గితే రెండోది తీసుకోవచ్చు.

షాపు స్పాట్‌లైట్ కింద గాజుముక్క కూడా తళతళలాడుతుంది. రెంటినీ కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి, అరచేయి అడ్డం పెట్టి నీడలో చూశాం. క్యారెట్ రాయి నడుమ మసకేసింది. తొంభై సెంట్లది నీడలోనూ తుళ్లుతూనే ఉంది. ఇక కలర్ అంటారా, జికీ హెచ్‌కీ తేడా పసుపు బంగారంలో పెట్టాక మా ముగ్గురిలో ఎవరికీ తెలియలేదు.

మిగిలిన డబ్బుతో ఉంగరం కాస్త మందంగా చేయించాం. పిన్ని మాత్రం ఎవరడిగినా ఇప్పటికీ "క్యారెట్ రాయే" అంటుంది.