నిమ్మ ఉప్పు కిలో ప్యాకెట్: ఆర్నెల్లు వాడాక చెబుతున్నా

పెళ్లి వంటలు చేసే మాస్టర్లకి నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్ పొడి, కొత్తేం కాదు. వెయ్యిమంది పులిహోరకి నిమ్మకాయలు పిండే ఓపిక ఎవరికుంటుంది, గుప్పెడు నిమ్మ ఉప్పు నీళ్లలో కరిగించి పోసేస్తారు. నేను మాత్రం తినడానికి కొనలేదు. మార్చిలో హైదరాబాద్ బేగంబజార్ వెళ్లినప్పుడు ఒక హోల్‌సేల్ కిరాణాలో కిలో ప్యాకెట్ 240 రూపాయలకు తెచ్చాను, బాత్రూం కుళాయిలు తోమడానికి. ఇప్పుడు డబ్బా అడుగున నాలుగు చెంచాలు మిగిలింది. ఈ ఆర్నెల్లలో అది ఎక్కడ పనికొచ్చిందో, ఎక్కడ నా కొంప ముంచిందో రాస్తున్నా.

ముందు మా నీళ్ల సంగతి చెప్పాలి, లేకపోతే ఈ రివ్యూకి అర్థం లేదు. మేముండేది నిజాంపేటలో, మూడో అంతస్తు, అద్దె ఇల్లు. తాగడానికి తప్ప అన్నిటికీ బోరు నీళ్లే. వేసవిలో బోరు ఎండితే ట్యాంకరు వస్తుంది, అవీ ఎక్కడో బోరులో తోడినవే. కొత్త బకెట్ కొన్న నెలకే లోపల తెల్లటి పొర కడుతుంది. షవర్ రంధ్రాలు సగం మూసుకుపోయి, మిగతా సగం నీళ్లని గోడ మీదకి కొడతాయి. తాగునీటి భారతీయ ప్రమాణం ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకుండా ఉంటే మంచిది, వేరే దిక్కు లేనిచోట 600 దాకా పర్లేదు. మా అపార్ట్‌మెంట్ వాళ్లు రెండేళ్ల కిందట ల్యాబ్‌కి పంపిస్తే 720 వచ్చింది. ప్యూరిఫయర్ మెకానిక్ పెన్నులాంటి మీటరు ముంచి చూపించే టీడీఎస్ అంకె (నీళ్లలో కరిగిన అన్నిటి లెక్క) వేరు, ఇది వేరు.

అందరూ వీటిని ఉప్పు మచ్చలంటారు. ఉప్పే అయితే నీళ్లు పోస్తే కరిగేది కదా. ఇది సున్నం. నీళ్లు కాగినా, ఆరినా అందులోని కాల్షియం అలా పొరగా మిగిలిపోతుంది. సబ్బు పెట్టి ఎంత రుద్దినా మన చెయ్యి అరుగుతుంది గానీ అది పోదు.

ఇంతకుముందు దీనికి నా దగ్గరున్న మందు, బండి మీద అమ్మే యాసిడ్ సీసా. పోయినేడాది బాత్రూంలో పాచికి బ్లీచింగ్ పౌడర్ చల్లి ఉంచాను. ఆ సంగతి తెలియక పనమ్మాయి దాని మీదే యాసిడ్ పోసింది. ఆ రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ గ్యాస్. దగ్గుతూ, కళ్లనీళ్లు కారుస్తూ బయటికి పరిగెత్తుకొచ్చింది. తలుపులు, కిటికీలు అన్నీ తెరిచి పిల్లని బాల్కనీలో కూర్చోబెట్టాం. రెండు రోజులు గొంతు మంట తగ్గలేదు. తప్పు ఆమెది కాదు, చెప్పని నాది. ఆ రోజే యాసిడ్ సీసాని ఇంట్లోంచి వెళ్లగొట్టాను. నిమ్మ ఉప్పు అయినా, వెనిగర్ అయినా బ్లీచింగ్ దగ్గరికి మాత్రం రానీయకండి. వంటింటి సరుకే కదా ఏమవుతుందిలే అనుకోవద్దు, పులుపు ఏదైనా పులుపే.

నిమ్మ ఉప్పు కంటే ముందు అందరిలాగే వీడియోలు చూసి వెనిగర్లో వంటసోడా కలిపాను. బుస్సుమని పొంగింది, చూడ్డానికి బాగుంది, మచ్చ అక్కడే ఉంది. మా అమ్మాయి టెన్త్, ఆమ్లాలు క్షారాలు పాఠం అప్పుడే అయింది. "అమ్మా, రెండూ కలిపితే ఒకదాన్నొకటి చంపుకుంటాయి, నీకు మిగిలేది ఉప్పు నీళ్లే" అంది. ఆ పొంగు కార్బన్ డయాక్సైడ్, అంతే. మూసుకుపోయిన సింకు పైపులో చెత్తని కదిలించడానికి ఆ పొంగు కొంచెం సాయపడుతుందేమో గానీ, శుభ్రం చేసే శక్తి ఆ పొంగుతోనే ఆవిరైపోతుంది. వందల లైకులున్న వీడియో అది!

సరే, నిమ్మ ఉప్పు. మొదట పెట్టిన పరీక్ష ఎలక్ట్రిక్ కెటిల్. అడుగున గోధుమ రంగులో పొలుసులు కట్టి ఉంది, టీ తాగుతుంటే నాలుకకి తగిలేవి. లీటరు నీళ్లు, ఒక పెద్ద చెంచా నిమ్మ ఉప్పు వేసి స్విచ్ వేశాను. కాసేపటికి అడుగు నుంచి సన్న బుడగలు బయల్దేరాయి. అరగంట తర్వాత పారబోసి చూస్తే కొన్న రోజు ఉన్న స్టీలు. రుద్దలేదు, గీకలేదు. ఆయన్ని పిలిచి మరీ చూపించాను. కెటిల్లోకి చూసి, నా మొహం చూసి, "టీ ఎప్పుడు పెడతావ్?" అన్నారు.

రెండోసారి తెలివి ఎక్కువై, బాగా మరిగించి రాత్రంతా అలాగే వదిలేశాను. పొద్దున్నకి పాత పొర పోయింది గానీ దాని బదులు తెల్లటి పిండిలాంటిది అడుగున అంటుకుని ఉంది. అది కాల్షియం సిట్రేట్. వేడి నీళ్లలో కంటే చల్లటి నీళ్లలోనే బాగా కరిగే రకం, అందుకే మరీ మరిగిస్తే తిరిగి అడుక్కి చేరుతుంది. నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే చాలు, కట్టేయాలి. అరగంటకి పారబోసి రెండుసార్లు కడిగితే పని అయిపోయినట్టే.

షవర్‌కి ఇంకా సులువు. పాలిథిన్ కవర్లో నిమ్మ ఉప్పు నీళ్లు పోసి, షవర్ తల అందులో మునిగేలా రబ్బర్ బ్యాండుతో కట్టేశాను. అరగంటయ్యాక పాత టూత్‌బ్రష్‌తో రెండుసార్లు అంటే చాలు, రంధ్రాలన్నీ తెరుచుకున్నాయి. కుళాయిలకి పాత బనియన్ గుడ్డ ఆ నీళ్లలో తడిపి పావుగంట చుట్టాను. అంతకంటే ఎక్కువసేపు ఉంచకండి, పైన మెరిసే కోటింగ్ దెబ్బతింటుంది. గాజు తలుపు మీది చారలు పోయాయి, కానీ ఒక్కసారికి కాదు, మూడు ఆదివారాలు పట్టింది.

వెనిగర్ కూడా ఈ పనులన్నీ చేస్తుంది, కాదనను. బజార్లో దొరికే తెల్ల వెనిగర్లో ఎసిటిక్ ఆమ్లం నాలుగైదు శాతం ఉంటుంది. నిమ్మ ఉప్పు లీటరు నీళ్లకి 50 గ్రాములు కలిపితే దాదాపు అంతే బలం వస్తుంది. ఆ లెక్కన కిలో ప్యాకెట్‌తో 20 లీటర్లు, అంటే లీటరు పన్నెండు రూపాయలు. వెనిగర్ సీసా నేను కొన్న ధరకి లీటరు తొంభై దాకా పడింది. పైగా వెనిగర్ కొట్టిన బాత్రూం పొద్దుటికి కూడా ఆవకాయ జాడీ కాదు, చైనీస్ ఫాస్ట్‌ఫుడ్ బండి వాసన వేస్తుంది. నిమ్మ ఉప్పుకి వాసనే లేదు. ఈ ఒక్క కారణానికే నేను దాని పక్షం.

నిమ్మకాయ నుంచి తీస్తారు కదా, పసిపిల్లంత మంచిదని అనుకునేవాళ్లకి ఒక మాట. 1784లో స్వీడన్‌లో షీలే అనే ఆయన నిమ్మరసం నుంచే దీన్ని మొదట వేరుచేశారు గానీ, ఇప్పుడు మన చేతికొచ్చేది నిమ్మకాయ మొహం చూసినది కాదు. చక్కెర, మొలాసిస్ లాంటివాటి మీద ఒక రకం నల్ల బూజుని పెంచి తీస్తారు. తినే వస్తువుల ప్యాకెట్ల మీద 330 అని కనిపించే అంకె దీనిదే. తిన్నా ఏం కాదు సరే, పొడి ముక్కులోకి పోతే ఉక్కిరిబిక్కిరి, చేతి మీద కోత ఉంటే కారం పెట్టినంత మంట. గ్లవ్స్ వేసుకోండి, కళ్లలో పడనీయకండి.

ఇక నా కొంప మునిగిన సంగతి. మా అద్దె ఇంటి వంటగదిలో తాండూరు బండలు, నున్నగా పాలిష్ పట్టినవి. ఒక రోజు సీసాలో కలుపుతుంటే గ్లాసుడు ఒలికింది. కెటిల్‌నే తళతళలాడించింది, బండల్నీ మెరిపిస్తుందిలే అనుకుని గుడ్డతో పులిమి, అన్నం వార్చుకుని వచ్చాను. తుడిచేసరికి అరచేతి వెడల్పు మచ్చలు రెండు, పక్కనే చుక్కలు చుక్కలుగా. మెరుపు పోయి సుద్దముక్కతో రాసినట్టు. తడిపితే కనిపించదు, ఆరితే మళ్లీ ప్రత్యక్షం.

మా అత్తయ్యది పిడుగురాళ్ల. సున్నం బట్టీల ఊరు. మంచం మీంచి లేచి వచ్చి ఆ మచ్చ మీద కాలి బొటనవేలితో రాసి చూసి, "ఏందమ్మా, నాపరాయి అంటే సున్నపు రాయే గదా. దాని మీద పులుపు పోస్తే ఊరుకుంటదా?" అన్నారు. నాకు అప్పుడు వెలిగింది. కెటిల్లో ఉన్నదీ సున్నమే, కాళ్ల కింద ఉన్నదీ సున్నమే. దాన్ని కరిగించినప్పుడు చప్పట్లు కొట్టి, దీన్ని కరిగిస్తే ఏడవడం నా తెలివితక్కువ. నిమ్మ ఉప్పుకి ఏది మచ్చో, ఏది బండో తెలియదు.

తాండూరు, షాబాదు, కడప, బేతంచెర్ల బండలు ఏవైనా సరే, మార్బుల్ అయినా, మార్బుల్ ముక్కలు కలిపి వేసే మొజాయిక్ అయినా, వాటి మీద నిమ్మ ఉప్పు గానీ వెనిగర్ గానీ చింతపండు గానీ పడకూడదు. వాటికి మామూలు నీళ్లు, చుక్క గిన్నెల సబ్బు చాలు. గ్రానైట్ గట్టు, విట్రిఫైడ్ టైల్స్ తట్టుకుంటాయి, కాకపోతే టైల్స్ మధ్య సిమెంటు సందుల్లో నానబెట్టకండి. అల్యూమినియం గిన్నెలకి, ఇనప పెనానికి కూడా దూరంగా ఉంచండి.

ఇత్తడి దగ్గర ఇది చింతపండు ముందు ఓడిపోయింది. వినాయక చవితికి ముందు దీపపు కుందుల్ని నిమ్మ ఉప్పు నీళ్లలో గంట నానేసి మర్చిపోయాను. చిలుం పోయింది గానీ పసుపు రంగుకి బదులు గులాబీ రంగు తేలింది. పులుపులో ఎక్కువసేపు ఉంటే ఇత్తడిలోని జింకు పోయి పైన రాగి బయటపడుతుందట. మా అత్తయ్య ఏమీ అనకుండా రసం తీసిన చింతపండు పిప్పి, కళ్లుప్పు తెచ్చుకుని పీట వేసుకుని తోమారు. అరగంటకి బంగారం రంగు. చింతపండు గుజ్జు రుద్దిన చోట నిలబడుతుంది, ఎంతవరకు చాలో చేతికి తెలుస్తుంది. పైగా అది ఎలాగూ పారేసే పిప్పి. పైసా ఖర్చు లేదు.

జిడ్డు దగ్గర నిమ్మ ఉప్పు పూర్తిగా దండగ. ఎగ్జాస్ట్ ఫ్యాన్ రెక్కలకి కొడితే నూనె మీద నీళ్లలా జారిపోయింది. నూనెకి కావాల్సింది పులుపు కాదు, క్షారం. పొయ్యి బూడిదతో గిన్నెలు తోమిన రోజుల్లో జరిగింది అదే. ప్లాస్టిక్ రెక్కలు ఊడదీసి, గోరువెచ్చటి నీళ్ల బకెట్లో రెండు పెద్ద చెంచాల బట్టల సోడా వేసి అరగంట ముంచితే జిడ్డు ముద్దలు ముద్దలుగా ఊడింది. వంటసోడా మెత్తటిది, టీ కప్పుల మరకలకీ స్టవ్ మీదికీ బాగుంటుంది గానీ ఇంత జిడ్డుకి ఆనదు. బట్టల సోడా చేతులకి గరుకు, గ్లవ్స్ తప్పనిసరి. మీ ఫ్యాన్ రెక్కలు అల్యూమినియంవైతే వద్దు, నల్లబడతాయి.

కుంకుడు రసం కూడా ప్రయత్నించాను. పది కాయలు గింజలు తీసి రాత్రి నానబెట్టి పిసికితే మంచి నురుగు, పట్టుచీరకీ వెండికీ హాయి. కానీ రెండో రోజుకే వాసన వస్తుంది, ఫ్రిజ్‌లో పెడితే ఆయన మజ్జిగ అనుకుని గ్లాసులో పోసుకున్నారు. ఇంకా నిమ్మతొక్కలు మూడు వంతులు, బెల్లం ఒక వంతు, నీళ్లు పది వంతులు వేసి మూడు నెలలు మగ్గబెట్టే బయో ఎంజైమ్. నా సీసా మూత పదకొండో రోజున సీలింగ్‌కి తగిలింది. రోజూ మూత కాస్త వదులు చేసి గ్యాస్ పోనివ్వాలి. నాకంత శ్రద్ధ లేదు.

నేను కలిపే పద్ధతి: స్ప్రే సీసాలో అర లీటరు ప్యూరిఫయర్ నీళ్లు, రెండు చిన్న చెంచాల నిమ్మ ఉప్పు, రెండు చుక్కల గిన్నెల సబ్బు. కుళాయిలకీ బకెట్లకీ రోజువారీ ఇది చాలు, ముదిరిన మచ్చకైతే ఇంకో రెండు చెంచాలు. వారానికి సరిపడా మాత్రమే కలుపుతాను. నెల రోజులు ఉంచితే సీసాలో దారాల్లా బూజు తేలింది. సీసా మీద మార్కర్‌తో "తాగకూడదు, బ్లీచింగ్‌తో కలపకూడదు, బండల మీద వద్దు" అని రాసి ఉంచాను, పనమ్మాయికి చదివి వినిపించాను కూడా. ఇది క్రిముల్ని చంపే మందు మాత్రం కాదు. ఇంట్లో వాంతులు, విరేచనాలు అయినప్పుడు నేను దీన్ని నమ్ముకోను.

మార్కులంటే, సున్నపు మచ్చలకి ఐదుకి ఐదు, ఇత్తడికి రెండు, జిడ్డుకి సున్నా. కొనేముందు ప్యాకెట్ మీద తినడానికి పనికొచ్చేదనే ముద్ర చూసుకోండి. ముందు వంద గ్రాములు తెచ్చి మీ నీళ్లకి ఎలా ఉందో చూడండి. గాలి తగిలితే గడ్డ కడుతుంది కాబట్టి బిగుతు మూత డబ్బాలో పోయండి. పంచదార డబ్బా పక్కన మాత్రం పెట్టకండి, రెండూ ఒకేలా ఉంటాయి, ఒక ఆదివారం మా ఇంట్లో కాఫీ ఏమైందో నేను చెప్పను.

వంటగది మచ్చల మీద ప్రస్తుతానికి డోర్‌మ్యాట్ వేసి ఉంది. ఓనరుగారు డిసెంబర్‌లో అగ్రిమెంట్ రాయించడానికి వస్తారు. పాలిష్ పట్టే అతను రెండు బండలకి విడిగా రానన్నాడు, వంటగది మొత్తానికైతే నాలుగు వేలు అన్నాడు.