పీజీకి ఓయూ క్యాంపస్సా, నిజాం కాలేజా, కోఠీయా: ఏది మేలు?

సీపీగెట్ (పీజీ ప్రవేశ పరీక్ష) ర్యాంకులు వచ్చి వెబ్ ఆప్షన్లు మొదలయ్యాయంటే నాకు వచ్చే ఫోన్లన్నిటిలో ఒకటే ప్రశ్న. "అన్నా, ఎమ్మేకి ఆర్ట్స్ కాలేజీ ముందు పెట్టాలా, నిజాం ముందు పెట్టాలా?" ఆర్ట్స్ కాలేజీ అంటే ఉస్మానియా యూనివర్సిటీ (ఓయూ) క్యాంపస్‌లోదే. ఆడపిల్లలైతే కోఠీ ఉమెన్స్ కాలేజీని కూడా కలుపుతారు. ఈ ఏడు మా మేనకోడలే ఆ లైన్లో ఉంది కాబట్టి, దానికి చెప్పిందే అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఫీజు, రీయింబర్స్‌మెంటు, సిలబస్ సంగతులు మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. మీ సబ్జెక్టు మూడుచోట్లా ఉందో లేదో ఆప్షన్ల జాబితాలో చూసుకోండి.

మంచి పాఠం చెప్పేవాళ్లు మూడుచోట్లా ఉన్నారు. పాఠాన్ని బట్టి కాలేజీ ఎంచుకోవడం పీజీలో కుదరదు, క్లాసులు సాయంత్రానికల్లా అయిపోతాయి. అసలు తేడా అక్కడినుంచి మొదలవుతుంది. క్లాసు వదిలాక ఎక్కడ కూర్చుంటారు? ఎవరి పక్కన కూర్చుంటారు? రాత్రి పదింటికి ఒక సందేహం వస్తే నడిచి ఎవరి గదికి పోగలరు? నా లెక్కలో తేల్చేది ఇదే.

ఈ లెక్కన చూస్తే ఓయూ క్యాంపస్‌కు సాటి లేదు. హాస్టల్, డిపార్ట్‌మెంటు, లైబ్రరీ మూడూ ఒకే ఆవరణలో ఉన్నాయి. బస్సు ఎక్కే పని లేకుండా రోజు గడిచిపోతుంది. మెయిన్ లైబ్రరీలో లక్షల పుస్తకాలు, వేల రాతప్రతులు ఉన్నాయి. కానీ అక్కడికి పోయేవాళ్లలో చాలామంది చదివేది సొంత పుస్తకాలే. గ్రూప్స్‌కు, నెట్‌కు (లెక్చరర్ అర్హత పరీక్ష), డీఎస్సీకి సిద్ధమయ్యేవాళ్లు పొద్దున్నే వచ్చి కుర్చీ పట్టుకుంటారు. లోపల చోటు దొరక్కపోతే బయట చెట్ల కింద కూర్చుంటారు. ఊరినుంచి కొత్తగా వచ్చిన పిల్లకో పిల్లాడికో ఆ దృశ్యం చేసే మేలు ఏ కోచింగ్ సెంటరూ చేయలేదు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో, జేఆర్ఎఫ్‌కు (పరిశోధన ఫెలోషిప్) ఏ పేపరు ఎలా చదవాలో, పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో ఏం అడుగుతారో వరుసలో పక్కనున్నవాళ్లే చెప్తారు. ఎవరినీ బతిమాలక్కర్లేదు.

మెస్సు సంగతీ అంతే. కూర నీళ్లగా ఉంటుంది, నిజమే. కానీ అదే బల్ల దగ్గర లా చదివేవాడు, జియాలజీ వాడు, తెలుగులో పరిశోధన చేసేవాడు కలిసి తింటారు. ఎమ్మే హిస్టరీ పిల్లాడికి శాసనం గురించో భూచట్టం గురించో అనుమానం వస్తే, అది తీర్చేవాడు అన్నం పెట్టుకుంటూ పక్కనే ఉంటాడు. ఇంతమంది వేరువేరు సబ్జెక్టులవాళ్లు ఒకచోట బతికే వీలు నిజాంలోనూ లేదు, కోఠీలోనూ లేదు.

ఆర్ట్స్ కాలేజీ భవనం గురించి అందరూ ఫొటోలు పెడతారు. 1934లో పునాది రాయి పడింది, 1939 డిసెంబరు 4న తెరిచారు, బెల్జియం నుంచి వచ్చిన ఎర్నెస్ట్ జాస్పర్ రూపకల్పన చేశాడు. గులాబీ రంగు గ్రానైటు గోడల మధ్య రెండేళ్లు తిరగడం భాగ్యమే. అయితే నాకు ఆ భవనంకంటే దాని మెట్లు ఎక్కువ. సభ అయినా, ధర్నా అయినా, ఫలితాలొచ్చిన రోజు సంబరమైనా అక్కడే. 1938లో హాస్టల్లో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను బయటికి పంపేస్తే, వాళ్లలో చాలామంది నాగపూర్ వెళ్లి చదువు సాగించారు. 1969లోనూ, 2009లోనూ తెలంగాణ ఉద్యమం ఈ ఆవరణలోనే రగిలింది. ఆ వారసత్వం వల్ల ఇక్కడి పిల్లలకు మైకు పట్టుకుని మాట్లాడటం వస్తుంది, సర్క్యులర్ చదివి తమ హక్కు ఏమిటో అడగడం వస్తుంది. బంద్ వస్తే క్లాసులు పోతాయన్నది కూడా తల్లిదండ్రులు తెలుసుకోవాలి.

ఇబ్బందులు దాచను. హాస్టల్ గదుల్లో ఉండాల్సినవాళ్లకంటే ఎక్కువమంది ఉంటారు. నాన్ బోర్డర్ల (హాస్టల్ సీటు లేకుండానే గదుల్లో ఉండేవాళ్ల) సమస్య ఏళ్లనాటిది, ఉద్యోగం రాక పోలేనివాళ్ల బాధ కూడా అందులో ఉంది. క్యాంపస్ రోడ్లు పొడవు, చీకటి పడ్డాక ఆడపిల్లలు ఒంటరిగా నడవడం మంచిది కాదు, లేడీస్ హాస్టల్ గేటు వేళలు చూసుకుని లైబ్రరీ పెట్టుకోవాలి. ఒకసారి పీజీ చేసి మళ్లీ చేరేవాళ్లు హాస్టల్ మీద, స్కాలర్‌షిప్ మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇక నిజాం. 1887లో పెట్టిన కాలేజీ, 1947 దాకా మద్రాసు యూనివర్సిటీకి అనుబంధంగా ఉండేది. ఉస్మానియా ఉర్దూలో పాఠాలు చెప్పిన కాలంలో ఇక్కడ ఇంగ్లీషులో చెప్పారు. దీని బలం బషీర్‌బాగ్. ఎదురుగా ఎల్బీ స్టేడియం, కాస్త నడిస్తే రవీంద్రభారతి, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు. నాటకం, జర్నలిజం, పార్ట్‌టైమ్ పని మీద మనసున్నవాళ్లకు ఇంత అనువైన చోటు లేదు. కానీ హాస్టల్ చోటు ఎప్పుడూ తక్కువే. డిగ్రీ అమ్మాయిలు హాస్టల్ కోసం 2022లో రోజుల తరబడి ధర్నా చేశారంటే ఆ కొరత ఎంతటిదో ఊహించుకోవచ్చు. హాస్టల్ రాకపోతే నారాయణగూడలోనో హిమాయత్‌నగర్‌లోనో ప్రైవేటు హాస్టల్ పట్టాలి. అక్కడ పక్క మంచం మీద ఉండేది సాఫ్ట్‌వేర్ కోర్సు పిల్ల, ఆమె లోకం వేరు. నెల తిరిగేసరికి చేతిలో డబ్బు ఉండదు, సాయంత్రం చదువుకునే తోడు కూడా ఉండదు.

కోఠీ ఉమెన్స్ కాలేజీ 1924 నాటిది, 2022 నుంచి యూనివర్సిటీ, ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరుతో ఉంది. బ్రిటిష్ రెసిడెంటు కర్క్‌ప్యాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ భవనం ఆ ఆవరణలోదే. ఇంట్లో కో-ఎడ్యుకేషన్‌కు ఒప్పుకోకపోతే ఆలోచించకుండా ఇదే పెట్టండి, చదువు ఆగకపోవడమే ముఖ్యం. తెలుగు ఎమ్మే అమ్మాయిలకు ఇంకో లాభం: సుల్తాన్‌బజార్‌లో 1901 నుంచి నడుస్తున్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయం దగ్గరే, అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ కూడా దూరం కాదు.

సైఫాబాద్, సికింద్రాబాద్ పీజీ కాలేజీలు మూడో నాలుగో ఆప్షన్‌గా ఉంచుకుంటే చాలు.

సిటీలో సొంత ఇల్లున్నవాళ్లకు నా లెక్క మారుతుంది. వాళ్లకు క్యాంపస్‌లో హాస్టల్ దొరకడం కష్టం, సాయంత్రం ఎలాగూ ఇంటికే చేరాలి. మెహదీపట్నం, టోలిచౌకి వైపు వాళ్లు నిజాం ముందు పెట్టుకోవచ్చు. ఫలక్‌నుమా, కాచిగూడ వైపు నుంచి వచ్చేవాళ్లకు ఎంఎంటీఎస్‌లో ఆర్ట్స్ కాలేజ్ స్టేషనే ఉంది కాబట్టి డే స్కాలర్‌గా అయినా క్యాంపస్సే అంటాను, చీకటి పడేదాకా లైబ్రరీలో కూర్చుని రైలెక్కే ఓపిక ఉంటే.

మా మేనకోడలిది నల్లగొండ జిల్లా. మొదటి ఆప్షన్ ఆర్ట్స్ కాలేజీ, రెండోది కోఠీ, మూడోది నిజాం పెట్టమన్నాను. సీటు వచ్చినవాళ్లు చేయాల్సిన మొదటి పని హాస్టల్ దరఖాస్తు. టీసీ, కుల, ఆదాయ సర్టిఫికెట్ల జిరాక్సులు నాలుగైదు సెట్లు తీసుకుని రిపోర్టింగ్ రోజే ఆఫీసులో అడగండి. ఆలస్యం చేస్తే గది దొరికేసరికి మొదటి సెమిస్టర్ సగం అయిపోతుంది.