పాత డెస్క్‌టాప్‌లో ఎస్ఎస్‌డీ: రెండు ఎండాకాలాల తర్వాత

ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే హార్డ్‌డిస్క్ బదులు చిప్పుల మీద డేటా దాచుకునే డ్రైవ్, వేస్తే పాత కంప్యూటర్ స్పీడవుతుందన్న సంగతి ఇప్పుడు అందరికీ తెలిసిందే కాబట్టి ఆ ముచ్చట పక్కన పెడుతున్నాను. దాని కంపెనీ, మోడల్, డబ్బా మీద రాసిన అంకెలు కూడా వదిలేస్తున్నాను. నేను రాసేది ఒక్క స్టార్టింగ్ గురించే. అంటే పవర్ బటన్ నొక్కినప్పటి నుంచి నేను పేపర్లు టైప్ చేసే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ తెరుచుకుని మొదటి అక్షరం కొట్టేదాకా పట్టే టైమ్. ఆ ఒక్క విషయంలో ఇది నాకిచ్చినంత సంతోషం ఈ మధ్య ఇంట్లోకి కొన్న ఏ వస్తువూ ఇవ్వలేదు. మళ్లీ అదే విషయంలో పరీక్షల ముందు నన్ను బాగా సతాయించింది కూడా. కానీ ఆ నింద దాని మీద పడటం అన్యాయమని తర్వాత తేలింది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మాది నల్లగొండ. ప్రైవేట్ స్కూల్లో తెలుగు చెప్తాను. ఎఫ్ఏ (ఫార్మేటివ్), ఎస్ఏ (సమ్మేటివ్) పరీక్షలు వచ్చాయంటే మా స్కూలుతో పాటు తెలిసినవాళ్ల స్కూళ్ల ప్రశ్నపత్రాలు కూడా ఇంట్లోనే టైప్ చేసి ఇస్తాను. కంప్యూటర్ పాతది: ఇంటెల్ మూడో తరం ఐ3 ప్రాసెసర్, హెచ్61 మదర్‌బోర్డు, 4 జీబీ ర్యామ్, విండోస్ 10. కొత్తది కొనుక్కోమని మా ఆయన ఎన్నోసార్లు చెప్పారు. తెలుగు టైపింగ్‌కు వాడే అను ఫాంట్లు, పేజ్‌మేకర్, ఏళ్ల నుంచి చేసుకున్న పేపర్లు అన్నీ ఇందులో కుదురుగా ఉన్నాయి. వాటిని కొత్త మెషీన్‌లోకి మార్చి, ఒత్తులు, గుణింతాలు ఎక్కడ చెదిరాయో మళ్లీ మొదటి నుంచి చూసుకోవడం నా వల్ల కాదు.

హార్డ్‌డిస్క్ ఉన్న రోజుల్లో డెస్క్‌టాప్ కనబడటానికే మూడు నాలుగు నిమిషాలు పట్టేది. కనబడటం వేరు, పనికి రావడం వేరు. టాస్క్ మేనేజర్ తెరిస్తే డిస్క్ 100 శాతం దగ్గర నిలబడి ఉండేది. క్యాబినెట్ ముందున్న ఎర్ర లైటు ఆరేదే కాదు. మౌస్ కదిలేది గానీ క్లిక్ చేస్తే ఏదీ తెరుచుకునేది కాదు. ఎండాకాలం కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఇదంతా మళ్లీ మొదలు. స్టార్టప్‌లో ఉన్న అక్కరలేని ప్రోగ్రాములన్నీ ఆపేశాను. కొంత తేడా వచ్చింది, అంతే.

హైదరాబాద్‌లో ఉండే మా తమ్ముడు ఒకసారి చూసి, "అక్కా, గింత సేపు ఎట్ల కూసుంటవ్ దీని ముంగట? రెండు వేలల్ల పనైతది" అని సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ నుంచి 240 జీబీ ఎస్ఎస్‌డీ తెచ్చిచ్చాడు. ఊళ్లో ఒక షాపులో దాన్ని పెట్టించి, విండోస్ కొత్తగా వేయించాను. షాపతను పాత 500 జీబీ హార్డ్‌డిస్క్‌ను తీసెయ్యకుండా డీ డ్రైవ్‌గా అలాగే ఉంచాడు. పేపర్లన్నీ అందులోనే ఉండిపోయాయి. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత కథంతా దీని చుట్టే తిరుగుతుంది.

ఆ రోజు సాయంత్రం బటన్ నొక్కి కళ్లద్దాలు తుడుచుకుంటుంటే పాస్‌వర్డ్ అడుగుతోంది. ఫోన్‌లో టైమ్ పెట్టి చూస్తే అటూ ఇటూగా 20 సెకన్లు. పైగా డెస్క్‌టాప్ వచ్చీ రాగానే పేజ్‌మేకర్ కూడా తెరుచుకుంది. మా బోర్డులో డిస్కులు తగిలించే సాటా పోర్టులు పాతవి, సెకనుకు 3 గిగాబిట్లకు మించవు. ఈ ఎస్ఎస్‌డీ పూర్తి వేగం ఇక్కడ రానే రాదు. అయినా స్టార్టింగ్‌కు అదేం అడ్డం కాలేదు. ఎందుకంటే విండోస్ లేచేటప్పుడు చదివేది ఒక పెద్ద ఫైలు కాదు, చెల్లాచెదురుగా ఉన్న వేల చిన్న ముక్కలు. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్క్ మీద, హెడ్డు జరిగి ఒక్కో ముక్కను పట్టుకోవడానికి 10 మిల్లీసెకన్ల పైనే పోతుంది. ఎస్ఎస్‌డీలో జరగాల్సిన భాగమే లేదు. ఆ పని 0.1 మిల్లీసెకను దగ్గర అయిపోతుంది. అడిగిన వాళ్లకూ అడగని వాళ్లకూ స్టాఫ్ రూమ్‌లో ఇదే చెప్పేదాన్ని.

ఇట్లా ఏడాదికి పైగా హాయిగా గడిచింది. 2025లో ఎస్ఏ-2 పేపర్లు మొదలుపెట్టే ముందు స్టార్టింగ్ మళ్లీ నెమ్మదించింది. మొదట నిమిషం, తర్వాత మూడు, ఒకరోజు ఎనిమిది నిమిషాల దాకా పోయింది. మధ్యలో నల్ల తెర మీద "స్కానింగ్ అండ్ రిపేరింగ్ డ్రైవ్" అని వచ్చి, శాతం ఒక అంకె దగ్గర ఆగిపోయేది. ఇంకోరోజు ఏ ఇబ్బందీ లేకుండా మామూలుగా లేచేది. ఎప్పుడు ఎట్లా ఉంటుందో తెలియకపోవడమే పెద్ద టెన్షన్. పేపర్లు ప్రెస్‌కు ఇవ్వాల్సిన తేదీ దగ్గర పడుతోంది.

షాపుకు తీసుకెళ్తే అతను ఆన్ చేసి, చక్రం తిరగడం కాసేపు చూసి, "మేడం, ఎస్ఎస్‌డీ లైఫ్ అయిపోయింది. గివి గంతే, రెండేండ్లకు మించి రావు. బోర్డు గూడ పాతదే, రెండూ మార్చేద్దాం" అన్నాడు. స్క్రూ కూడా విప్పలేదు. ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ చెక్ చేయలేదు. పాత కంప్యూటర్ అనేసరికి ఏం చెప్పినా నమ్ముతారన్న ధైర్యం. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఇల్లు గడవడానికి ఇదే మెషీన్ మీద ఆధారపడేవాళ్లు ఆ షాపుకు ఎంతమంది వెళ్తారో కదా.

అసలు సంగతి బయటపెట్టింది మా స్కూల్లో చదివి, ఇప్పుడు పాలిటెక్నిక్ చేస్తున్న పిల్లవాడు. వచ్చీ రాగానే షట్‌డౌన్ కాకుండా రీస్టార్ట్ కొట్టమన్నాడు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదట. కొంత భాగాన్ని డిస్క్ మీద దాచుకుని మళ్లీ దాన్నే తెస్తుంది. రీస్టార్ట్ చేస్తేనే అంతా మొదటి నుంచి లేస్తుంది కాబట్టి, చూడాలంటే అప్పుడే చూడాలన్నాడు. తర్వాత ఎక్కడ ఆగుతుందో గమనించమన్నాడు. కంపెనీ లోగో దగ్గరే ఆగితే, అప్పటికి విండోస్ ఇంకా మొదలే కాలేదు. బోర్డునో, దానికి తగిలించిన వస్తువులనో అనుమానించాలి. చుక్కల చక్రం దగ్గర ఆగితే డ్రైవర్లు గానీ డిస్కులు గానీ. డెస్క్‌టాప్ వచ్చాక ఆగితే స్టార్టప్ ప్రోగ్రాములు. మాది లోగో దగ్గర కాసేపు, చక్రం దగ్గర చాలాసేపు ఆగింది. ఎర్ర లైటు ఆరకుండా వెలుగుతూనే ఉంది.

అప్పుడతను ఫ్యాన్ ఆపమని, క్యాబినెట్ పక్క రేకు తీసి లోపలికి చెవి పెట్టి విన్నాడు. నన్నూ వినమన్నాడు. కిందనున్న పాత హార్డ్‌డిస్క్ నుంచి టిక్కుమని ఒక చప్పుడు. కాసేపు ఏమీ లేదు. మళ్లీ టిక్. చేయి పెడితే ఆ చప్పుడు వేళ్లకు తెలుస్తోంది. ఎస్ఎస్‌డీ నుంచి చప్పుడు వచ్చే అవకాశమే లేదు కదా, అందులో కదిలే భాగం లేదు.

కంప్యూటర్ లేచాక క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టి చూపించాడు. ఎస్ఎస్‌డీ పక్కన నీలం రంగులో "గుడ్". హార్డ్‌డిస్క్ పక్కన పసుపు రంగులో "కాషన్". కింద వరుసల్లో కరెంట్ పెండింగ్ సెక్టార్లు అన్నచోట సున్నా ఉండాలి, మాకు లేదు. అంటే చదవడానికి మొండికేస్తున్న చోట్లు డిస్క్‌లో ఉన్నాయి. విండోస్ తప్పులన్నీ రాసిపెట్టుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే బ్యాడ్ బ్లాక్ (డిస్క్‌లో పాడైన చోటు) ఉందని ఎర్ర గుర్తుతో వరుసగా ఎంట్రీలు. కేబుల్ దోషమేమోనని సాటా కేబుల్ కూడా మార్చి చూశాడు. తేడా లేదు.

"మేడం, ఎస్ఎస్‌డీకి ఏం కాలే. మీ పాత డిస్కే సతాయిస్తుంది" అన్నాడు. విండోస్ సీ డ్రైవ్ నుంచే లేచినా, దారిలో తగిలించి ఉన్న డ్రైవ్‌లన్నిటినీ పలకరిస్తుంది. పాడైన చోటు తగిలితే హార్డ్‌డిస్క్ దాన్ని మళ్లీ మళ్లీ చదవాలని చూస్తుంది, జవాబు వచ్చేదాకా విండోస్ కాచుకుని ఉంటుంది. పెళ్లికి అందరూ తయారై ఒక్క ముసలాయన కోసం బస్సు ఆపినట్టు.

కేబుల్ పీకి చూపిస్తానన్నాడు గానీ ముందు పేపర్లు కాపీ చేద్దామన్నాను. ఇందులో అతను చెప్పిన మాట ఎవరికైనా పనికొస్తుంది. పోతున్న డిస్క్ మీద రిపేర్ స్కాన్లు నడపొద్దు, అవి డిస్క్ మొత్తాన్ని చదివించి ఉన్న కాస్త ప్రాణాన్నీ తీస్తాయి. ముందు చాలా అవసరమైన ఫోల్డర్లు, తర్వాత ఫొటోలు, వీలైతే మిగతావి. ఎస్ఏ పేపర్లన్నీ వచ్చాయి. మా అమ్మాయి చిన్నప్పటి ఫొటోల ఫోల్డర్ ఒకటి సగం దగ్గర ఆగిపోయింది, మిగతా సగం రాలేదు. తర్వాత డేటా కేబుల్, పవర్ కేబుల్ రెండూ తీసేసి బటన్ నొక్కాం. 20 సెకన్లు. మొదటి రోజు ఎంతో ఇప్పుడూ అంతే. పేపర్లు టైమ్‌కు ప్రెస్‌కు వెళ్లాయి.

ఇన్నాళ్లు వాడాక, మొదట్లో స్టాఫ్ రూమ్‌లో చెప్పిన కొన్ని మాటలను కాస్త సరిచేసుకోవాలి. "కొత్త కంప్యూటర్ లాగే" అన్నాను. స్టార్టింగ్ వరకే అది నిజం. క్రోమ్‌లో నాలుగైదు ట్యాబులు తెరిస్తే 4 జీబీ ర్యామ్ చాలక మళ్లీ బరువెక్కుతుంది. మా మరిది పెళ్లి వీడియోలు ఇందులోకి ఎక్కించినప్పుడు మొదట చకచకా నడిచి, సగం దాటాక పాత హార్డ్‌డిస్క్ కన్నా నిదానమైంది. తక్కువ ధర ఎస్ఎస్‌డీల్లో ముందున్న వేగవంతమైన భాగం నిండిపోతే ఇట్లాగే అవుతుంది. ఎప్పుడూ కొంత జాగా ఖాళీగా ఉంచుతున్నాను. ఇంకొకటి, హార్డ్‌డిస్క్ పోయే ముందు టిక్కుమని చెప్పి పోయింది. ఎస్ఎస్‌డీ చడీ చప్పుడు లేకుండా కూడా పోవచ్చు. అందుకని పేపర్లు ఇప్పుడు పెన్‌డ్రైవ్‌లోనూ, ఆన్‌లైన్‌లో గూగుల్ డ్రైవ్ అకౌంట్‌లోనూ పెడుతున్నాను.

మధ్యలో బోర్డు మీద బిళ్ల బ్యాటరీ, సీఆర్2032, అయిపోయి కూడా స్టార్టింగ్ ఆగింది. తేదీ ఏళ్ల వెనక్కి పోయి, ఎఫ్1 నొక్కమని అడిగేది, జీమెయిల్ తెరుచుకునేది కాదు. బ్యాటరీ మార్చాక విండోస్ లేవకుండా ఎర్రర్ చూపించే నీలం తెర వచ్చింది. బయాస్ (విండోస్ కన్నా ముందు బోర్డును నడిపే ప్రోగ్రాం) సెట్టింగులు మొదటికి పోయి, డిస్కులతో మాట్లాడే పద్ధతి, అంటే సాటా మోడ్, పాత రకమైన ఐడీఈకి మారిందట. విండోస్ వేసినప్పుడున్న ఏహెచ్‌సీఐ మోడ్‌కు తిప్పగానే లేచింది. ఇది జరిగినప్పుడు కూడా ఎస్ఎస్‌డీ పోయిందనే అంటారు, కంగారు పడకండి.

ఇంతకీ పెట్టించుకోవచ్చా అంటే, నా లాంటి పరిస్థితి అయితే తప్పకుండా అంటాను. టైపింగే పని, పాత సాఫ్ట్‌వేర్ వదల్లేరు, ఖర్చు తక్కువలో అయిపోవాలి. కానీ విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఎనిమిదో తరానికి ముందున్న ఇంటెల్ ప్రాసెసర్లలో ఏవో కొన్నిటికి తప్ప విండోస్ 11 అధికారికంగా రాదు. అందుకే బ్యాంకు పనులు ఇందులో మానేసి ఫోన్‌లోనే చేస్తున్నాను. ఇంట్లో పిల్లల ఆన్‌లైన్ దరఖాస్తులు, డబ్బు లావాదేవీలు అన్నీ ఒకే కంప్యూటర్ మీద నడిచే వాళ్లయితే ఆ డబ్బును కొత్తదానికి దాచుకోవడమే నయమేమో. ఉన్నదాన్నే నడుపుకుంటామంటే మాత్రం, పెట్టించేటప్పుడు పాత హార్డ్‌డిస్క్‌ను లోపల ఉంచమని చెప్పకండి. తీయించి యూఎస్‌బీ కేసులో వేయించుకుని, కావాలన్నప్పుడే తగిలించుకోండి.