సంఘం సొంత దస్త్రాలు: కాగితం కాగితం చూడాలా, పెట్టె లెక్కన సర్దాలా?

చరిత్ర పరిశోధక సంఘాల్లో తరచూ కనిపించే విచిత్రం ఒకటుంది. ఊరూరా సేకరించిన తాటాకులు, తామ్రశాసనాలు బీరువాలో తాళం వేసి దాస్తారు. తమ సొంత మినిట్స్ బుక్కులు, జమాఖర్చులు, ఉత్తరాల కట్టలు మాత్రం మెట్ల కింద గోనెసంచుల్లో పడి ఉంటాయి. ఏ శతవార్షికోత్సవమో దగ్గర పడితే తప్ప ఎవరికీ గుర్తు రావు. అప్పుడు ఒక ఆర్కైవిస్టును, అంటే పాత దస్త్రాలు సర్ది భద్రపరిచే నిపుణుణ్ని, పిలుస్తారు. ఆ మనిషి మొదట తేల్చుకోవాల్సింది ఒకటే: ప్రతి కాగితమూ విప్పి జాబితా రాయడమా, పెట్టెకో వివరణ రాసి ముందుకు పోవడమా?

రెండో దారికి గట్టిగా వకాల్తా పుచ్చుకున్నవాళ్లు అమెరికన్ ఆర్కైవిస్టులు మార్క్ గ్రీన్, డెనిస్ మీస్నర్. 2005లో ‘అమెరికన్ ఆర్కైవిస్ట్’ పత్రికలో రాసిన వ్యాసంలో వాళ్లు అడిగిందేమిటంటే, గోదాముల్లో ఏళ్ల తరబడి సర్దని పెట్టెలు పేరుకుపోతుంటే ఒక్కో కాగితాన్నీ సింగారిస్తూ కూర్చోవడం ఎవరికి లాభం అని. మీస్నర్ పనిచేసిన మిన్నెసోటా హిస్టారికల్ సొసైటీ కూడా ఒక చరిత్ర సంఘమే. కాబట్టి ఇది బయట నిలబడి చెప్పిన సలహా కాదు. 20వ శతాబ్దపు పెద్ద సేకరణలైతే ఘనపుటడుగుకు సగటున 4 గంటలు చాలని వాళ్లు లెక్క కట్టారు.

పాత పద్ధతితో పోల్చి చూడండి. ఘనపుటడుగు పెట్టెలో సుమారు 2000 కాగితాలు పడతాయి. ఒక్కోదానికి రెండు నిమిషాలే అనుకున్నా 66 గంటలు దాటుతుంది. వంద పెట్టెలున్న సంఘంలో పెట్టె లెక్కన చేస్తే 400 గంటల్లో తేలే పని, కాగితం లెక్కన చేస్తే 6600 గంటలు. వారానికి 40 గంటలు పనిచేసే ఒక మనిషికి మూడేళ్లకు పైమాటే. అంతకాలం జీతం ఇవ్వగల సంఘాలు మన దగ్గర ఎన్ని ఉంటాయి?

కాబట్టి నా ఓటు పెట్టె పద్ధతికే. అయితే దాన్ని ఉన్నదున్నట్టు దిగుమతి చేసుకోలేం. వాతావరణం అదుపులో ఉన్న గదుల్లో పిన్నులు, క్లిప్పులు తీయకపోయినా పెద్దగా నష్టం లేదని గ్రీన్, మీస్నర్ వాదించారు. గోదావరి ఒడ్డున ఏసీ లేని గదిలో, నాలుగు వానాకాలాలు చూసిన గుండుసూది కాగితాన్ని తినేస్తుంది. మన తేమకు తుప్పు పట్టినవి తీయాల్సిందే. రబ్బరు బ్యాండ్లు కరిగి అంటుకుంటాయి, అవీ అంతే. చెదల జాడ ఉన్న సంచిని మిగతావాటి పక్కన అసలు పెట్టకూడదు.

ఇంకో మినహాయింపు దీనికన్నా పెద్దది. రాజమండ్రిలో 1922లో పుట్టిన ఆంధ్రేతిహాస పరిశోధక మండలి లాంటి సంఘాన్ని తీసుకోండి. అలాంటి చోటికి శాసనం ఒక్కటే రాదు, దాని వెంట ఒక ఉత్తరం కూడా వస్తుంది. ఏ ఊళ్లో దొరికింది, ఎవరి పొలంలో, శాశ్వతంగా ఇచ్చారా, చదివి తిరిగి ఇవ్వమన్నారా అన్నవన్నీ అందులోనే ఉంటాయి. మండలి నెలకొల్పిన మ్యూజియం తర్వాత ప్రభుత్వానికి వెళ్లి, ఇప్పుడు రాళ్లబండి సుబ్బారావు పేరుతో ఉంది. వస్తువులు ఇలా చేతులు మారినప్పుడు వస్తువు ఒకచోట, దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పే ఉత్తరం ఇంకోచోట మిగిలే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ‘ఉత్తర ప్రత్యుత్తరాలు, 1925–40’ అని పెట్టె మీద రాసి వదిలేస్తే ఆ ఒక్క ఉత్తరం ఎవరికి దొరుకుతుంది? దాతల ఉత్తరాలు, మినిట్స్ బుక్కులు, వస్తువుల నమోదు రిజిస్టర్లు — ఈ మూడింటికి మాత్రం కాగితం కాగితం చూడటమే మేలు. కరెంటు బిల్లులు, సభ్యత్వ రసీదుల కౌంటర్‌ఫాయిల్స్, ప్రెస్సు వోచర్లకు ఒక్క వాక్యం చాలు. కొన్నిటిని నమూనాగా ఉంచి మిగతావి తీసేయొచ్చు కూడా. కానీ ఆ మాట కార్యవర్గం చేత తీర్మానం చేయించాకే.

పెట్టె పద్ధతికి ఒక చిక్కుంది. చదవని కాగితంలో ఏముందో తెలియదు. ఉద్యోగి మీద ఫిర్యాదు, ఎవరి అనారోగ్యం గురించో రాసిన ఉత్తరం, సభ్యుడి బ్యాంకు వివరాలు పరిశోధకుడి బల్ల మీదికి వెళ్లిపోవచ్చు. దీనికోసం మళ్లీ అన్నీ చదవనక్కర్లేదు. సిబ్బంది ఫైళ్లు, క్రమశిక్షణ ఫైళ్లు కట్టకు కట్టగా కొన్నేళ్లు మూసి ఉంచితే చాలావరకు సరిపోతుంది.

ఇక వరస సంగతి. కార్యదర్శి పెట్టుకున్న వరసే ఉంచాలా, విషయాలవారీగా కొత్తగా సర్దాలా? దస్త్రాలు ఎలా సర్దాలో చెప్పే 1898 నాటి డచ్ మాన్యువల్ నుంచి ఆర్కైవిస్టులు మొదటిదే చెబుతూ వచ్చారు, నేనూ అదే అంటాను. మన సంఘాల్లో కార్యదర్శి మారితే ఫైళ్లు కొత్తాయన ఇంటికి మారడం మామూలే. ఒకాయన తేదీలవారీగా, ఇంకొకాయన మనుషులవారీగా కట్టి ఉంటారు. రెండు వరసలూ అలాగే ఉంచి, ఫలానా ఏడాది నుంచి పద్ధతి మారిందని జాబితా మొదట్లో రాస్తే చాలు. గోనెసంచిలోకి గుమ్మరించినదాన్ని మాత్రం ‘అసలు వరస’ అని మొహమాటపడి కాపాడక్కర్లేదు.

చాలా కార్యవర్గాలు ‘ముందు స్కాన్ చేయించేద్దాం, జాబితా తర్వాత’ అంటాయి. దాతలకూ స్కానరే ముచ్చట. జాబితా లేకుండా చేసిన స్కాన్లు హార్డ్‌డిస్కు నిండా నంబర్లున్న ఫోటోలుగా మిగులుతాయి, ఏది ఏ ఫైల్లోదో చెప్పేవాళ్లుండరు. అయినా వచ్చిన డబ్బు వదులుకోలేం కదా. మినిట్స్ బుక్కులకు, దాతల ఉత్తరాలకు ముందు జాబితా రాసి స్కానర్ దగ్గరికి పంపండి. వోచర్ల జోలికి వెళ్లొద్దు.