మా వీధి కొమ్మల కొట్టుడు: 14 నెలల తర్వాత ఐదుకి రెండున్నర

చెట్ల కొమ్మలు కొట్టే పనికి ఆ పూటే మార్కులు వేయకూడదు. కొట్టిన రోజు వీధిలోకి వెలుతురొచ్చి, తీగలన్నీ బయటపడి, పని బ్రహ్మాండంగా జరిగినట్టే ఉంటుంది. అందుకే కిందటేడు మే నెలాఖర్లో కార్పొరేషన్ వాళ్లు మా వీధిలో చేసిన పనికి ఈ జూలైలో కూర్చుని రాస్తున్నాను.

నేను కరెంటు డిపార్ట్‌మెంట్‌లో 33 ఏళ్లు స్తంభాలెక్కి దిగిన లైన్‌మన్ని. నా చేత్తో నరికిన కొమ్మలకు లెక్క లేదు, వాటిలో సగం అడ్డదిడ్డంగా నరికినవే. కాబట్టి ఈ తిట్లలో నా వాటా నాకుంది. ఊరు కోస్తాలోదే, పేరు రాయను.

మా వీధిలో ఒకవైపు తొమ్మిది కానుగలు, రెండు వేపలు. మలుపులో ముసలి నిద్రగన్నేరు. కానుగల మీదుగా 11 కేవీ లైను, దాని కింద ఇళ్లకిచ్చే ఎల్‌టీ తీగలు. లైను కింద కానుగ నాటిన మహానుభావుడెవరో గానీ కథంతా అక్కడే మొదలైంది.

ముందు మంచి చెప్తాను. ఈసారి ఎల్‌సీ, అంటే లైనులో కరెంటు ఆపి పని చేసుకోవడానికిచ్చే అనుమతి, తీసుకుని పని చేశారు. ఉదయం 8 నుంచి 11 దాకా సరఫరా ఉండదని ముందు రోజే పేపర్లో వేయించారు. మా సెక్షన్ కుర్రాడు లైనుకి కరెంటు తెంచే ఏబీ స్విచ్ తెరిచి, తీగల్లో మిగిలిన కరెంటుని భూమిలోకి దించే డిశ్చార్జ్ రాడ్లు తగిలించాకే మనుషుల్ని పైకెక్కనిచ్చాడు. పచ్చి కొమ్మ తీగకు ఆనితే ఆ కొమ్మలోంచే కరెంటు దిగుతుంది. కర్రే కదా అని పట్టుకుని పోయినవాళ్లను నేను చూశాను. ఒక నక్షత్రం ఆ కుర్రాడిది, కార్పొరేషన్‌ది కాదు.

ఇక నరుకుడు. నలుగురు కుర్రాళ్లు, ఒక రంపం మిషను, రెండు గొడ్డళ్లు, ఒక దోటి, ఒక ట్రాక్టరు. నడుముకి బెల్టు లేదు, తలకి టోపీ లేదు. పైకెక్కినవాడికి పాతికేళ్లు కూడా ఉండవు. మూడు గంటల్లో పన్నెండు చెట్లు అయిపోవాలి. చెట్టుకి పావుగంట! మా ఆవిడ వంకాయలు తరగడానికి కూడా అంతకంటే ఎక్కువసేపు తీసుకుంటుంది.

లావు కొమ్మని పైనుంచి ఒకే కోతలో కోశారు. సగం తెగేసరికి కొమ్మ బరువుకి విరిగి, బెరడు మాను మీదకి జానెడున్నర చీరుకుంటూ వచ్చింది. అదే కొమ్మకి మొదలు నుంచి ఒక అడుగు దూరంలో ముందు కిందనుంచి గాటు పెట్టి, ఇంకొంచెం అవతల పైనుంచి కోస్తే కొమ్మ శుభ్రంగా ఊడి పడుతుంది. మిగిలిన మొండిని అప్పుడు తీరిగ్గా తీసుకోవచ్చు. మూడు కోతలు, ఐదు నిమిషాలు ఎక్కువ. ఆ మొండిని కూడా మానుకి ఆనించి నున్నగా చెక్కేయకూడదు. కొమ్మ పుట్టే చోట ఉంగరంలా ఉబ్బెత్తుగా ఉంటుంది, దానికి కాస్త బయటే కోయాలి. కొత్త బెరడు అక్కడినుంచే పుట్టి గాయాన్ని మూస్తుంది.

సర్వీసులో ఉండగా ఇది నాకెవరూ చెప్పలేదు. రిటైరయ్యాక మనవరాలు ఫోన్లో చూపించింది. అమెరికాలో అలెక్స్ షైగో అనే శాస్త్రవేత్త వేల చెట్లను రంపంతో నిలువునా కోసి చూశాడట. మన చర్మానికి పుండు మానినట్టు చెట్టుకి మానదని, పాడైన భాగం చుట్టూ లోపల గోడలు కట్టుకుని, పైన కొత్త చెక్క కప్పుకుని బతుకుతుందని 1970ల్లో తేల్చాడు. నరికిన చోట తారు, రంగు పూసినా పెద్దగా ఉపయోగం లేదన్నాడు. మేము ఏళ్ల తరబడి తారు పూసినవాళ్లమే.

ఆ మే నెలలో నిద్రగన్నేరుకి పైభాగమంతా తీసేశారు. కానుగలకి లైను వైపు కొమ్మలు మొత్తం చెక్కేసి, ఇళ్ల వైపువి ముట్టుకోలేదు. ఆ పూటకి లైను సేఫ్. కానీ బరువంతా ఒక పక్కకి పడింది. అక్టోబరు గాలివానకి ఆరో కానుగ వేళ్లతో సహా ఒరిగి మా ఎదురింటివాళ్ల స్కూటీ మీద పడింది. పడ్డ చెట్టు మొదట్లో చూస్తే అది ఒక్క కొమ్మల పాపమే కాదని తెలిసింది. ఫుట్‌పాత్ వేసినప్పుడు మాను చుట్టూ సిమెంటు బిగించేశారు, డ్రైనేజీ కోసం ఒక పక్క వేళ్లు తెగ్గొట్టారు. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటాక మమ్మల్ని అక్కడికి డ్యూటీకి పంపారు. రోడ్ల మీద పడి ఉన్న చెట్లు చాలావాటికి వేళ్ల చుట్టూ సిమెంటు పెచ్చులు అంటుకునే ఉన్నాయి. ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఆదేశించింది. మా ఊళ్లో ఇప్పటికీ మొదలంటా టైల్స్ వేస్తున్నారు, చూడ్డానికి నీటుగా ఉంటుందని.

అసలు దెబ్బ ఈ ఏడాది కనిపించింది. గుండు కొట్టిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందంటారు చూడండి, తలకాయ సంగతేమో గానీ కానుగకి మాత్రం నిజం. నరికిన ప్రతి మొండి దగ్గరా పది పన్నెండు చిగుళ్లు చీపురు కట్టలా లేచాయి. పద్నాలుగు నెలల్లో అవి మళ్లీ ఎల్‌టీ తీగల్ని తాకుతున్నాయి. పైగా ఈ కొమ్మలు మాను లోపల నుంచి పుట్టినవి కావు, పైబెరడు దగ్గర అతుకు పెట్టినట్టు ఉంటాయి. కాస్త గాలికే ఊడిపోతాయి. గత నెలలో మూడుసార్లు ఫేజు పోయింది, మూడుసార్లూ కారణం ఇవే. తీగ దాకా వెళ్లే కొమ్మని కొసలో కత్తిరించకుండా, దాని మొదటికో, పక్కకి తిరిగిన పిల్లకొమ్మ దాకానో వెనక్కి తీస్తే ఇంత తలనొప్పి ఉండదు.

ఇంకొకటి. కొమ్మలు కొట్టింది రోహిణి కార్తెలో. వానలకు ముందు లైన్లు క్లియర్ చేయాలి కాబట్టి ఆ సమయం ఎందుకు ఎంచుకుంటారో నాకు బాగా తెలుసు, మేమూ అప్పుడే చేసేవాళ్లం. కానీ నీడ ఎక్కువ కావలసింది ఆ పదిహేను రోజులే. కాకులు పిల్లల్ని పెట్టుకునేదీ అప్పుడే. వేప మీద గూడు కిందపడితే రెండు కాకులు వారం రోజులు ఆ ట్రాక్టరు డ్రైవరు వచ్చినప్పుడల్లా నెత్తి మీద పొడిచాయి. ఇంజినీర్ని పొడవాల్సింది, పాపం.

నరికిన కొమ్మల సంగతికి వస్తే, లావు కట్టెలు ఆ సాయంత్రమే మాయం. రొట్ట మాత్రం పన్నెండు రోజులు డ్రెయిను పక్కనే పడి ఉంది. కొమ్మలు కొట్టినవాళ్లు అది శానిటేషన్ పని అన్నారు, శానిటేషన్ వాళ్లు మాది చెత్త, ఇది చెట్టు అన్నారు. ఫిర్యాదు చేస్తే నాలుగో రోజు ‘మీ సమస్య పరిష్కరించబడినది’ అని మెసేజ్ వచ్చింది. ఆ మెసేజ్ చదువుతూ నేను ఆ రొట్ట కుప్ప పక్కనే నిలబడి ఉన్నాను. మా నాన్న కానుగ రొట్ట కోసం బండి కట్టుకుని పక్క ఊరికి వెళ్లేవాడు. దమ్ములో తొక్కిస్తే చేనుకి మంచి ఎరువు. ఇక్కడ అదే కుళ్లి దోమలకి ఇల్లయింది.

మలుపులో ఫ్లెక్సీ బోర్డు ముందున్న వేపకి తీగలేమీ అడ్డం లేవు. దాన్నే అందరికంటే శ్రద్ధగా కొట్టారు. ఇంతకు మించి చెప్పను.

మెయిన్ రోడ్డు డివైడర్ మీద మొక్కలకు మాత్రం పూర్తి మార్కులు. అక్కడ ఆరుగురు ఆడవాళ్లు పెద్ద కత్తెరలతో పని చేస్తారు. గన్నేరు, కాగితం పూల కొమ్మలు రోడ్డు మీదకి రాకుండా నెలకోసారి సర్దుతారు. యూటర్న్ దగ్గర పదడుగుల మేర మోకాలెత్తుకి మించనివ్వరు, ఎదురొచ్చే బండి కనిపించాలి కాబట్టి. కత్తిరించిందంతా గోనెసంచుల్లో నింపుకుని వాళ్లే తీసుకెళ్తారు. ఇద్దరు జెండాలు పట్టుకుని ముందు నిలబడతారు. ఒకామెని అడిగాను, “ఇదంతా ఎవరు నేర్పారమ్మా?” అని. “నర్సరీలో మేస్త్రీ ఉండేవాడు బాబాయ్, తప్పుగా కోస్తే కత్తెర లాక్కునేవాడు” అంది. రంపం మిషను కుర్రాళ్లకి అలాంటి మేస్త్రీ లేడు.

వాళ్ల మీద నాకు కోపం లేదు. కింద నిలబడి నేను అరుస్తుంటే పైనున్నవాడు, “బాబాయ్, మాకు చెట్టుకింత అని లెక్క, నువ్వు చెప్పినట్టు కోస్తే సాయంత్రానికి కూలి కూడా రాదు” అన్నాడు. చివరి కానుగకి ఒక్క కొమ్మ మాత్రం, నా పోరు పడలేక, మూడు కోతల్లో తీశాడు. నిన్న నిచ్చెన వేసుకుని చూశాను. చుట్టూ బెరడు కట్టింది, నడుమ పది రూపాయల బిళ్లంత మిగిలింది. పక్కనున్న మొండిలోకి చూపుడు వేలు పూర్తిగా దూరింది.

ఎల్‌సీకి ఒకటి, డివైడర్‌కి ఒకటి, ఆ ఒక్క కొమ్మకి అర. ఈసారి కార్తీకం వెళ్లాక రమ్మని వార్డు ఆఫీసులో కాగితం ఇచ్చాను. నిచ్చెన మాది వాడుకోవచ్చని కూడా రాశాను.