ట్రాక్టరుకూ ట్రాలీకీ ఎల్‌ఈడీ దీపాల వైరింగ్: మిర్యాలగూడలో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ పనితనం

కోతల కాలంలో నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టు నుంచి మిర్యాలగూడ రైస్ మిల్లులకు వడ్లు తెచ్చే ట్రాక్టర్లలో చాలావాటికి ముందు కళ్లు చెదిరే దీపాలుంటాయి గాని, వెనుక ట్రాలీకి ఒక్క ఎర్ర దీపమైనా వెలగదు. మిల్లు ముందు చీకట్లో బారులు తీరిన ట్రాలీలను వెనుక నుంచి వచ్చే బైకు సకాలంలో చూడగలగాలి. అదనపు దీపాల పనిలో మొదటి అవసరం ఇదేనని నా నమ్మకం. మా ట్రాక్టరుకు దీపాలు బిగించిన ఎలక్ట్రీషియన్ కూడా ధర మాట్లాడకముందే ట్రాలీ వెనక్కి వెళ్లి చూశారు. ఆ దుకాణం మీద నాకు గురి కుదిరింది అక్కడే.

బంపరు మీద 36 వాట్ల ఎల్‌ఈడీ దీపాలు రెండు, టాపు మీద పసుపు రంగులో మెరిసే హెచ్చరిక దీపం ఒకటి, ట్రాలీకి వెనుక దీపాలు, ఇండికేటర్లు కావాలని అడిగాము. బంపరు దీపాలు రెండూ కలిసి 12 వోల్టుల మీద సుమారు 6 ఆంపియర్ల కరెంటు తీసుకుంటాయి. వీటిని నేరుగా హెడ్‌లైటు వైరుకే తగిలించేవారున్నారు; అప్పుడు అరిగిపోయిన పాత స్విచ్చు మీద హెడ్‌లైట్ల భారంతో పాటు ఈ భారం కూడా పడి, అది వేడెక్కి కరిగిపోతుంది. ఈయన అలా చేయకుండా, బ్యాటరీ ప్లస్‌కు జానెడు దూరంలోపే 10 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి, అక్కడి నుంచి రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు) 30వ పిన్నుకు, 87వ పిన్ను నుంచి దీపాలకు వైరు లాగారు. ఫ్యూజును దీపాల దగ్గర పెడితే, బ్యాటరీ నుంచి అక్కడిదాకా వచ్చే వైరు ఎక్కడ ఒరుసుకుని బాడీకి తగిలినా ఆపేదేమీ ఉండదు. ఎండుగడ్డి మోసే బండికి అది ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు.

రిలేను పనిచేయించే 86వ పిన్నుకు హైబీమ్ వైరు నుంచి, మధ్యలో ఒక స్విచ్చు పెట్టి, కనెక్షన్ ఇచ్చారు. 85వ పిన్నును ఎర్త్ చేశారు, అంటే బండి బాడీకి కలిపారు. ఎదురుగా బండి వచ్చినప్పుడు డిప్ కొడితే చాలు, బంపరు దీపాలు వాటంతటవే ఆరిపోతాయి. వెలుగును రోడ్డు మీదికి మాత్రమే పరిమితం చేసే అమరిక ఈ దీపాలకు ఉండదు కనుక, ఈ ఏర్పాటు లేకుండా వీటిని రోడ్డు మీద వాడనే కూడదు.

అసలు పనితనం ట్రాలీ దగ్గర కనిపించింది. సాధారణంగా ట్రాలీకి ప్లస్ వైర్లు మాత్రమే లాగి, ఎర్త్‌ను హుక్కుకు వదిలేస్తారు. గ్రీజు, బురద, తుప్పు పట్టిన ఆ హుక్కు గుండా కరెంటు సరిగా పోదు. గతుకు వచ్చినప్పుడల్లా దీపాలు మినుకుమంటాయి, బ్రేకు తొక్కితే ఇండికేటర్లు కూడా మసకగా వెలుగుతాయి. ఈయన ఏడు పిన్నుల సాకెట్టు వేసి, ఎర్త్‌కు కేటాయించిన మూడో పిన్ను నుంచి విడిగా వైరు తెచ్చి, ట్రాలీ ఛాసిస్ మీద రంగును గీకి, ఇనుము తేలాక రింగు టెర్మినల్‌తో బోల్టు బిగించారు. ఎల్‌ఈడీ ఇండికేటర్లు తక్కువ కరెంటు తీసుకోవడం వల్ల వాటిని మినుకుమనిపించే పాత ఫ్లాషర్ సరైన వేగంతో కొట్టుకోదు. దానికి రెసిస్టర్లు కలపడం సులువే గాని అవి బాగా వేడెక్కుతాయి. గడ్డి లోడుకు దగ్గరగా వేడి పనికిరాదని చెప్పి, ఆయన ఫ్లాషర్‌నే ఎలక్ట్రానిక్ రకానికి మార్చారు. ఇంత దూరం ఆలోచించే పనివారు అరుదు.

మా అబ్బాయి ముందు వైపు ఎరుపు, నీలం రంగుల్లో మెరిసే దీపాలు కూడా అడిగాడు. ఆయన ఒప్పుకోలేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 108వది ముందుకు ఎర్ర వెలుగు చూపడాన్ని నిషేధిస్తుంది, కాబట్టి ఎరుపు విషయంలో ఆయన కాదనడం సరైనదే.

లోపాలు లేకపోలేదు. మిగతా అతుకులన్నిటికీ వేడి చేస్తే బిగుసుకునే హీట్‌ష్రింక్ గొట్టం వేసిన ఆయన సాకెట్టు వెనుక రెండింటికి మాత్రం ఇన్సులేషన్ టేపు చుట్టారు. దమ్ము చేసేటప్పుడు బురదనీళ్లు పడే చోట అది నిలవదు. సైలెన్సరుకు దగ్గరగా పోయిన వైరును మేము చూపించాకే జరిపారు. ఏ వైరు ఎక్కడికి పోతుందో కాగితం మీద గీసి ఇవ్వమంటే ఇవ్వలేదు. రేపు వేరే ఊళ్లో ఏదైనా చెడితే అక్కడి మెకానిక్కు మొదటి నుంచీ వెతుక్కోవలసిందే. బిల్లు కూడా అడిగి రాయించుకోవలసి వచ్చింది.

సామాను, కూలీ కలిపి దగ్గరలోని ఇతర దుకాణాల కంటే కొంత ఎక్కువే అయింది. ఆ తేడా రిలేకు, ఫ్యూజుకు, మందపాటి రాగి వైరుకు పోయిందని చూశాక నాకు బాధనిపించలేదు. ట్రాలీ ఉన్న ప్రతి రైతుకూ ఈ దుకాణాన్ని సూచిస్తాను. ట్రాలీని కూడా వెంట తీసుకువెళ్లండి, టేపు చుట్టిన అతుకులను అక్కడికక్కడే సరిచేయించుకోండి. కోతలు మొదలయ్యాక ఆయన తీరిగ్గా పని చేయలేరు కనుక అంతకు ముందే వెళ్లడం మంచిది.